గుట్టు దాచినవాళ్ళు, గుట్టు విప్పినవాళ్ళు: ఫిల్ము ఫొటో చిట్కాల చరిత్ర

1869లో న్యూయార్కులో ఒక ఫొటోగ్రాఫర్ మీద కేసు నడిచింది. ఆయన చేసిన నేరం ఏమిటయ్యా అంటే, దెయ్యాల ఫొటోలు తీసి డబ్బులు తీసుకుంటున్నాడని. మీరు కుర్చీలో కూర్చుని ఫొటో దిగుతారు. గది మొత్తంలో మీరూ ఆయనా తప్ప మూడో మనిషి లేడు. కానీ ప్రింటు చేతికొచ్చాక చూస్తే మీ వెనక చనిపోయిన మీ తమ్ముడో, బిడ్డో మసగ్గా నిలబడి ఉంటారు. ఆ కథలోకి కాసేపట్లో వెళ్దాం.

ముందు ఈ ఎపిసోడ్ ఎందుకో చెప్తాను. ఈమధ్య చాలామంది కుర్రాళ్ళు అటక మీద పడున్న పాత ఫిల్ము కెమెరాలు దించి, దుమ్ము దులిపి, రీలు కొని వేస్తున్నారు. ఒకే ఫిల్ము మీద రెండు బొమ్మలు తీయడం, కాఫీ పొడితో రీలు కడగడం, ఆకులు పెట్టి ఎండలో నీలం ప్రింట్లు చేయడం, ఇలాంటివన్నీ ఇంట్లోనే ప్రయత్నిస్తున్నారు. చూసేవాళ్ళు ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటారు. కాదండీ. వీటిలో కాఫీ ఒక్కటే కొత్తది. దానికీ ముప్ఫై ఏళ్ళ వయసుంది. మిగతావి మన ముత్తాతల కాలం నాటివి.

ఈ చరిత్ర తవ్వుతున్నప్పుడు నాకు ఒకటే సంగతి పదేపదే ఎదురైంది. చిట్కా ఒకటే. దాన్ని ఇలా చేశానని చెప్పినవాడి చేతిలో అది విద్య అయింది. చెప్పకుండా దాచినవాడి చేతిలో మోసం అయింది. ఎవరికీ చెప్పకుండా పోయినవాడితో పాటు అదీ పోయింది. ఈ మూడూ ఎలా జరిగాయో చూద్దాం.

మొదటి నుంచి వద్దాం. 1830లలో ఇంగ్లండులో టాల్బట్ అనే ఆయన కాగితానికి ఉప్పునీళ్ళు, వెండి లవణం పూసి, దాని మీద ఆకులూ లేసు ముక్కలూ పెట్టి ఎండలో ఉంచేవాడు. ఎండ తగిలిన చోట కాగితం నల్లబడేది, ఆకు కింద తెల్లగా మిగిలేది. కెమెరా అక్కర్లేదు, లెన్సు అక్కర్లేదు. కానీ ఒక చిక్కు ఉంది. ఆ బొమ్మని మళ్ళీ వెలుతురులోకి తెస్తే మిగిలిన తెల్లభాగం కూడా మెల్లగా నల్లబడిపోతుంది. బొమ్మని నిలబెట్టడం ఎలా?

దానికి గట్టి జవాబు ఇచ్చినవాడు జాన్ హెర్షెల్. ఈయన ఖగోళ శాస్త్రవేత్త. వెండి లవణాలను హైపో కరిగిస్తుందని 1819లోనే కనిపెట్టి రాశాడు. 1839లో ఫొటోగ్రఫీ వార్త బయటికి రాగానే, నిలబెట్టడానికి హైపో వాడండి అని టాల్బట్‌కి చెప్పేశాడు. ఆ మాట ఫ్రాన్సుకీ చేరింది. మన ఊళ్ళ స్టూడియోల్లో పాతకాలం వాళ్ళని అడగండి, "హైపోలో వేశావా?" అనే మాట వాళ్ళ నోట్లో నానుతూ ఉంటుంది. ఆ హైపో ఇదే. పేటెంటు లేదు, ఫీజు లేదు. అడిగినవాడికల్లా చెప్పేశాడు.

టాల్బట్ దారి వేరు. 1841లో తన కొత్త పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. లైసెన్సు లేకుండా వాడినవాళ్ళ మీద కోర్టుకెళ్ళాడు. 1854లో లారోష్ అనే ఫొటోగ్రాఫర్ మీద వేసిన కేసు ఓడిపోయాడు కూడా. ఆయన కష్టానికి ఆయన ప్రతిఫలం కోరుకోవడంలో తప్పుందని నేను అనను. కానీ ఫలితం ఏమైందో చూడండి. ఇంగ్లండులో ఆ పద్ధతి ఎదగాల్సినంత ఎదగలేదు.

అదే సమయంలో, 1842లో, హెర్షెల్ ఇంకో పద్ధతి కనిపెట్టి ప్రకటించాడు. వెండి అసలు అక్కర్లేదు, ఇనుప లవణాలు చాలు. పేరు సయనోటైప్. బొమ్మ ముదురు నీలంలో వస్తుంది. మరుసటి ఏడాదే, 1843లో, అన్నా అట్కిన్స్ అనే ఆవిడ ఈ పద్ధతితో సముద్రపు నాచు మొక్కల పుస్తకం మొదలుపెట్టింది. ఆవిడ తండ్రికీ హెర్షెల్‌కీ స్నేహం. ఎండిన నాచుని కాగితం మీద పరచడం, ఎండలో పెట్టడం, నీళ్ళలో కడగడం. కింద ఉన్న పేర్లు కూడా ఆవిడ చేతిరాతే, అదీ ఎండతోనే అచ్చయింది. పదేళ్ళపాటు విడతలు విడతలుగా చేసి, కాపీలు స్నేహితులకీ శాస్త్రవేత్తలకీ పంచిపెట్టింది. ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకంగా ఇవాళ దాన్నే చెప్పుకుంటారు. తర్వాత ఇంజినీర్లు తమ నకళ్ళకి ఇదే పద్ధతి పట్టుకున్నారు. మనం రోజూ వాడే "బ్లూప్రింట్" అనే మాట అక్కడిదే.

ఇది మీరు ఈ వేసవిలోనే చేసి చూడొచ్చు. ఆకుపచ్చ రకం ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఒక సీసాలో, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు 100 మిల్లీలీటర్లలో ఇంకో సీసాలో కలిపి పెట్టుకోండి. వాడేముందు రెండూ సమానంగా కలిపి, ఎండ తగలని గదిలో మామూలు బల్బు వెలుతుర్లో డ్రాయింగ్ కాగితానికి బ్రష్షుతో పూసి చీకట్లో ఆరబెట్టండి. కరివేపాకు రెమ్మో, వేపాకో పెట్టి, పైన అద్దం ముక్క ఉంచి, ఎండలో పెట్టండి. మన మే నెల ఎండకి పది నిమిషాలు చాలా ఎక్కువే కావచ్చు, ఒకటి రెండు ముక్కలు పరీక్షగా చేసుకోండి. తర్వాత కుళాయి కింద పసుపు రంగు పోయేదాకా కడగడమే. చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఫెర్రిసయనైడ్ దగ్గరికి యాసిడ్ రానివ్వకండి. వంటకి వాడే గిన్నెలు దీనికి వాడకండి.

ఇప్పుడు దెయ్యాల కథలోకి వద్దాం. ముందు ఒక చిన్న సూత్రం. ఫిల్ముకి జ్ఞాపకం ఉంది గానీ, వివేకం లేదు. దాని మీద పడ్డ వెలుగునంతా కూడుకుంటూ పోతుంది. మొదట పడ్డది ఏది, తర్వాత పడ్డది ఏది అన్న తేడా దానికి తెలియదు. నల్లగా ఉన్న చోటు నుంచి వెలుగు రాదు కాబట్టి, అక్కడ ఫిల్ము ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా ఉన్న చోట మీరు ఇంకోసారి ఏదైనా రాసుకోవచ్చు. ట్రిక్ ఫొటోగ్రఫీకి పునాది ఈ నాలుగు ముక్కలే.

దీన్ని అందరికంటే ముందు బహిరంగంగా చెప్పినవాళ్ళలో స్కాట్లండు శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ ఒకడు. 1856లో ఆయన స్టీరియోస్కోపు మీద రాసిన పుస్తకంలో దెయ్యం ఫొటో ఎలా తీయాలో వివరించాడు. ఆ రోజుల్లో ఒక ఫొటోకి కొన్ని సెకన్లు కదలకుండా ఉండాలి. ఒక మనిషి తెల్లగుడ్డ కప్పుకుని సగం సేపు నిలబడి, గబుక్కున పక్కకి తప్పుకుంటే చాలు. వెనక ఉన్న కుర్చీ, గోడ ఆ మనిషి లోంచి కనిపిస్తాయి. లండన్‌లో ఒక కంపెనీ ఇలాంటి కార్డులు అచ్చేసి, ఇది బ్రూస్టర్ గారి సలహా అని కార్డు మీదే వేసి అమ్మింది. జనం కొనుక్కుని నవ్వుకున్నారు. ఎవరూ మోసపోలేదు. ఎందుకంటే గుట్టు ముందే చెప్పేశారు.

కొద్ది ఏళ్ళకే అమెరికాలోని బోస్టన్‌లో విలియం మమ్లర్ అనే ఆయన బయల్దేరాడు. నగల మీద చెక్కే పని ఆయనది. 1860ల మొదట్లో సరదాగా తన ఫొటో తనే తీసుకుంటే, పక్కన ఒక అమ్మాయి నీడ పడింది. అప్పట్లో ఫిల్ము లేదు, గాజు పలకలు. వాడిన పలకనే కడిగి మళ్ళీ వాడేవారు. సరిగ్గా కడగకపోతే పాత బొమ్మ ఛాయ మిగిలిపోతుంది. మమ్లర్ కూడా మొదట అలాగే అనుకున్నాడని ఆయనే రాసుకున్నాడు. కానీ చూసినవాళ్ళు అది ఆత్మ అన్నారు. ఆయన కూడా, చనిపోయిన మా చుట్టాలమ్మాయి అన్నాడు. అక్కడితో వ్యాపారం మొదలైంది.

ఆ సమయం గుర్తుపెట్టుకోండి. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం. లక్షల మంది చనిపోయారు. చాలామంది శవం కూడా ఇంటికి రాలేదు. అలాంటి ఇంటి తల్లి మమ్లర్ దగ్గరికి వెళ్ళి కూర్చునేది. ప్రింటులో ఒక మసక ముఖం కనిపిస్తే, అది తన కొడుకే అని ఆ తల్లి కళ్ళే చెప్పేవి. ఆ ఫొటోని ఆమె ఇంట్లో దాచుకునేది. అదంతా తలుచుకుంటే నాకు ఆమె మీద కోపం రాదు, జాలి కూడా రాదు. ఆమెకి కావలసింది ఆమె చూసుకుంది. తప్పంతా, ఎలా చేశావయ్యా అంటే చెప్పనివాడిది.

బోస్టన్‌లో కొన్ని "ఆత్మలు" బతికున్న మనుషులవేనని బయటపడ్డాక మమ్లర్ న్యూయార్కుకి మారాడు. 1869లో అరెస్టయ్యాడు. సర్కస్ పేరుతో మనకి తెలిసిన బార్నమ్ వచ్చి ఆయనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. ఫొటోగ్రాఫర్ బొగార్డస్ అయితే బార్నమ్‌నే కూర్చోబెట్టి, వెనక అబ్రహాం లింకన్ దెయ్యం కనిపించేలా ఫొటో తీసి ఇచ్చాడు. చూడండి, ఇది ఎంత తేలికో అని. అయినా మమ్లర్ సరిగ్గా ఏ పద్ధతి వాడాడో రుజువు కాలేదు. మోసమేనని తనకి అనిపిస్తున్నా సాక్ష్యం చాలదని జడ్జి వదిలేశాడు. మూడేళ్ళ తర్వాత, 1872 ప్రాంతంలో, లింకన్ భార్య మేరీ కూడా మమ్లర్ దగ్గర ఫొటో దిగింది. ఆమె భుజాల మీద చేతులు వేసి లింకన్ నిలబడి ఉన్న ఆ బొమ్మ ఇవాళ్టికీ ఉంది.

బ్రూస్టర్‌దీ మమ్లర్‌దీ ఒకే జాతి విద్య. ఒకటి ఆటవస్తువు, రెండోది కోర్టు కేసు. మధ్యలో తేడా ఒక్క వాక్యం, "ఇలా చేశాను" అనే వాక్యం.

సరే, ఇది మీరు చేయాలంటే ఎలా? పాత కెమెరాల్లో రెండోసారి క్లిక్ కొట్టకుండా అడ్డు ఉంటుంది. లేనివాటిలో రీలు తిప్పకుండా మళ్ళీ కొట్టడమే. అడ్డు ఉన్నవాటిలో రీలు మొత్తం తీసేసి మళ్ళీ మొదటి నుంచి వాడొచ్చు. మొదటిసారి వేసేటప్పుడే ఫిల్ము అంచు ఎక్కడ పళ్ళలో కూర్చుందో పెన్నుతో గీత పెట్టుకోండి, లేకపోతే ఫ్రేములు అటూ ఇటూ జరుగుతాయి. చుట్టేటప్పుడు తోక లోపలికి పోకుండా చూసుకోండి. రెండు బొమ్మల వెలుగు కలుస్తుంది కాబట్టి ఒక్కోదానికి సగం వెలుగే ఇవ్వాలి. 100 స్పీడు ఫిల్ము అయితే మీటర్ని 200 మీద పెట్టండి. వెనక నల్ల తెర కట్టి తీస్తే మాత్రం ఈ తగ్గింపు అక్కర్లేదు, నలుపులోంచి ఏమీ పడదు కదా.

ఆ నలుపు బలం తెలిసిన మహానుభావుడు మన దేశంలో బాబూభాయ్ మిస్త్రీ. 1937లో వచ్చిన "ఖ్వాబ్ కీ దునియా" అనే హిందీ సినిమాలో, నల్ల తెర ముందు నల్ల దారాలు కట్టి వస్తువులు గాల్లో తిప్పాడు. నలుపు మీద నలుపు, కెమెరాకి ఏం కనిపిస్తుంది? అప్పటి నుంచి ఆయన్ని "కాలా ధాగా" అని పిలిచేవారు, అంటే నల్లదారం అని. ఇక మన తెలుగువాళ్ళకి 1957 నాటి "మాయాబజార్" చాలు. మార్కస్ బార్ట్లే కెమెరా. ఘటోత్కచుడు కూర్చుని ఉంటే లడ్డూలు వాటంతట అవే వచ్చి నోట్లో పడుతుంటాయి. కంప్యూటర్ లేని రోజులు. చేసిందంతా కెమెరా ముందూ, ఫిల్ము మీదా, ల్యాబులోనే. ఇన్నేళ్ళ తర్వాత కూడా అదెలా చేశారబ్బా అని ఇళ్ళల్లో వాదించుకుంటూనే ఉన్నాం. వాదించుకోవడం బాగానే ఉంటుంది. కానీ చేసినవాళ్ళు తీరిగ్గా కూర్చుని ప్రతి షాటు గుట్టూ రాసిపెట్టి ఉంటే ఇంకా బాగుండేది కదా అని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు పారిస్‌కి వెళ్దాం, మన మాయాబజార్ కంటే వెనక్కి, 1920లలోకి. మాన్ రే అనే అమెరికన్ కళాకారుడు అక్కడ డార్క్‌రూమ్‌లో కాగితం మీద తాళంచెవులు, దువ్వెనలు పెట్టి లైటు వేసి బొమ్మలు చేశాడు. 1922లో వాటికి తన పేరే పెట్టుకుని "రేయోగ్రాఫ్" అన్నాడు. ఇది టాల్బట్ ఆకుల పద్ధతే కదా, అంటారా? అవును, అదే. మాన్ రే కంటే మూడేళ్ళ ముందు జెనీవాలో క్రిస్టియన్ షాడ్ కూడా చేశాడు. పేరు మాత్రం మాన్ రేకి నిలిచింది.

ఆయన డార్క్‌రూమ్‌లోనే ఇంకో సంగతి జరిగింది. ఆయన దగ్గర పనిచేసిన లీ మిల్లర్, తర్వాత తనే పెద్ద ఫొటోగ్రాఫర్ అయింది, ఒకరోజు నెగెటివ్‌లు కడుగుతుంటే కాలి మీద నుంచి ఏదో పాకింది. అదిరిపడి లైటు వేసేసింది. డెవలపర్‌లో ఉన్న నెగెటివ్‌లన్నీ పాడైపోయాయని అనుకున్నారు. తీరా చూస్తే, నల్లటి వెనకభాగం తిరగబడి, మనిషి చుట్టూ సన్నటి గీత ఏర్పడింది. 1860ల నుంచీ ఇలా జరుగుతుందని కొందరికి తెలుసు, సబాటియే ప్రభావం అనేవారు. కానీ దాన్ని చెత్తబుట్టలో వేయకుండా, కావాలని మళ్ళీ మళ్ళీ చేసి చూసి చేతికి తెచ్చుకున్నది వీళ్ళిద్దరూ. చాలాకాలం ఘనత అంతా మాన్ రే ఒక్కడికే పోయింది. లీ మిల్లర్ పేరు పక్కన చేరడానికి దశాబ్దాలు పట్టింది. గుట్టు దాచడం ఒక రకం, పేరు దాచడం ఇంకో రకం.

మీరు చేయాలంటే నెగెటివ్ మీద వద్దు, ప్రింటు మీద చేయండి. బొమ్మ డెవలపర్‌లో సగం తేలాక, చిన్న బల్బు ఒక్క సెకను వేసి ఆర్పేసి, మిగతా సగం కడగండి. నాలుగు ముక్కలు పాడైతే అయిదోది వస్తుంది. ప్రతి ముక్క వెనకా పెన్సిల్‌తో సెకన్లు రాసుకోండి.

చివరగా కాఫీ. 1995లో అమెరికాలోని రాచెస్టర్‌లో, ఒక సాంకేతిక విద్యాసంస్థలో స్కాట్ విలియమ్స్ అనే అధ్యాపకుడి తరగతి ఒక ప్రశ్న వేసుకుంది. ఇంట్లో దొరికే వస్తువులతో ఫిల్ము కడగలేమా అని. ఇన్‌స్టంట్ కాఫీ, బట్టల సోడా కలిపితే బొమ్మ వచ్చింది. ఫొటో పత్రికలో రాసి అందరికీ చెప్పేశారు. తర్వాత వేరే దేశాల వాళ్ళు అందులో విటమిన్ సి కలిపి బాగుచేశారు. ఇంకొకళ్ళు కొలతలు సరిచేశారు. దీనికి యజమాని అంటూ ఎవరూ లేరు. పేరు కెఫినాల్ గానీ, పని చేసేది కెఫీన్ కాదు, కాఫీలో ఉండే కెఫిక్ ఆమ్లం లాంటివి. సోడా ఆ ద్రవాన్ని క్షారంగా మారుస్తుంది, అప్పుడే అవి పనిలోకి దిగుతాయి.

నలుపు తెలుపు ఫిల్ముకి బాగా చెలామణిలో ఉన్న కొలత ఇది. లీటరు నీళ్ళకి తడి లేని సోడా పొడి 54 గ్రాములు, విటమిన్ సి పొడి 16 గ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ 40 గ్రాములు, ఇదే వరసలో కలపాలి. 20 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. ఇది 100 లోపు స్పీడు ఫిల్ములకి. సోడా అంటే బట్టల సోడా, బజ్జీల్లో వేసే వంట సోడా కాదు. కిరాణా కొట్లో పలుకులుగా దొరికే సోడాలో నీరు ఉంటుంది, అదైతే సుమారు 145 గ్రాములు కావాలి. మన దగ్గర చాలా కాఫీ పొడుల్లో చికోరీ కలుస్తుంది, అలాంటివి వద్దు, ప్యాకెట్ వెనక చదివి అచ్చమైన కాఫీ తీసుకోండి. వేసవిలో మన కుళాయి నీళ్ళే 30 దాటుతాయి, సీసాని ఐసు నీళ్ళ బకెట్లో పెట్టి చల్లబరుచుకోండి. వాసన మాత్రం ఘోరంగా ఉంటుంది, కిటికీలు తీసి పెట్టండి. కడిగాక నిలబెట్టడానికి ఏం వాడాలి? మళ్ళీ హైపోయే. హెర్షెల్ చెప్పింది ఇంకా పని చేస్తూనే ఉంది.

మన దాదాసాహెబ్ ఫాల్కే సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. "రాజా హరిశ్చంద్ర" కంటే ముందు ఆయన కుండీలో బఠానీ విత్తు నాటి, రోజుకో ఫ్రేము చొప్పున తీసి, మొక్క కళ్ళముందు పెరుగుతున్నట్టు చూపించాడు. అది చూపించే అప్పు పుట్టించుకున్నాడు. ఇంత పెద్ద మాంత్రికుడు, ఇంద్రజాలం కూడా తెలిసిన మనిషి, 1917లో ఏం చేశాడంటే, సినిమా ఎలా తయారవుతుందో చూపిస్తూ ఒక సినిమా తీశాడు. తన వంటింటి తలుపు తనే తెరిచి పెట్టాడు. దానివల్ల ఆయన మాయ తగ్గిందా? తగ్గలేదు.

ఇక మన సంగతి. మన ఊళ్ళల్లో నలుపు తెలుపు స్టూడియోలు నడిపినవాళ్ళు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళలో ఉన్నారు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మొహం మచ్చలు సరిదిద్దే టచింగ్ పని, ప్రింటుకి చేత్తో రంగులు వేయడం, లెన్సుకి సగం మూత పెట్టి ఒకే మనిషిని ఇటూ అటూ కూర్చోబెట్టే డబుల్ యాక్షన్ ఫొటో. ఇవి ఏ పుస్తకంలోనూ మన భాషలో సరిగ్గా లేవు. నేను మాట్లాడిన ఒకరిద్దరు పెద్దవాళ్ళు, "అదేముంది బాబూ, పొట్టకూటికి చేశాం" అని తీసిపారేశారు. వాళ్ళు దాచలేదు. అడిగినవాడు లేడు, అంతే.

కాబట్టి మీ ఊళ్ళో అలాంటి పెద్దాయన ఉంటే వెళ్ళి కూర్చోండి. ఫోనులో రికార్డు చేయండి. మూత ఎలా కోసేవారు, ఎన్ని సెకన్లు లెక్కపెట్టేవారు, హైపో ఎంత కలిపేవారు, అన్నీ అడగండి. ఆయన పేరు పెట్టి రాయండి. మీరు చేసిన చిట్కాకి కూడా కొలత, సమయం రాసి పక్కవాడికి ఇవ్వండి. ఫొటో చూసి ఎవరైనా "ఇదెలా తీశావు?" అంటే నవ్వి ఊరుకోకండి, చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో విషయంతో కలుద్దాం.